తీవ్రమైన టిక్స్‌కు మెదడులో ఎలక్ట్రోడ్లు: మా అబ్బాయికి ఆపరేషన్ చేయించాలా, వద్దా?

మున్నేటి_ఒడ్డు రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. నేను ఖమ్మం నుంచి రాస్తున్నాను. మా అబ్బాయికి ఇప్పుడు 24 ఏళ్లు. ఆరేళ్ల వయసులో కళ్లు టపటపలాడించడం మొదలుపెడితే కళ్లజోడు అవసరమేమోనని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. తర్వాత ముక్కు ఎగబీల్చడం, భుజం ఎగరేయడం, గొంతులోంచి కోడి అరిచినట్టు శబ్దం చేయడం ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. బడిలో వెక్కిరిస్తున్నాడనుకుని కొట్టారు, ఇంట్లో మా అమ్మ దిష్టి తీసి తాయెత్తు కట్టించింది. అది టూరెట్ సిండ్రోమ్ అని, అంటే తన ప్రమేయం లేకుండానే ఇలాంటి కదలికలు, శబ్దాలు (వీటినే టిక్స్ అంటారు) వచ్చే జబ్బు అని, 13వ ఏట గానీ ఎవరూ మాకు చెప్పలేదు.

పెద్దయ్యాక తగ్గిపోతుందన్నారు. మా వాడికి తగ్గలేదు సరికదా, 19 ఏళ్లు దాటాక మెడను ఒక్కసారిగా వెనక్కి విసిరే టిక్ మొదలైంది, చెడ్డరోజున అది గంటకు కొన్ని వందలసార్లు వస్తుంది. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, క్లోనిడిన్, అరిపిప్రజోల్ అన్నీ అయ్యాయి. కొన్నిటికి మత్తు, కొన్నిటికి ఒళ్లు రావడం తప్ప నిలబడిన గుణం కనిపించలేదు. పోయిన నెల ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డీబీఎస్, అంటే మెదడులో తీగలు పెట్టి ఛాతీలో బ్యాటరీ అమర్చే ఆపరేషన్, చేద్దామన్నారు. పది లక్షలకు పైగా అవుతుందట. నూటికి తొంభై మందికి తగ్గుతుందని చెప్పి, నెలాఖరులోగా నిర్ణయం తెలపమన్నారు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

నాడీవైద్యం_విశాఖ రాశారు:

మున్నేటి_ఒడ్డు గారూ, నేను నాడీవ్యాధుల వైద్యుణ్ణి, అయితే మీ అబ్బాయిని చూడలేదు కాబట్టి ఇది వైద్య సలహా కాదని ముందే మనవి చేస్తున్నాను. నెలాఖరు గడువు సంగతి మొదట చెబుతాను. ఈ శస్త్రచికిత్సకు అటువంటి తొందర సాధారణంగా ఉండదు, తొందరపెట్టేవారిని కారణం అడగడం మీ హక్కు.

టూరెట్‌లో లోపం కండరాలలో ఉండదు. మెదడు లోతుల్లోని బేసల్ గ్యాంగ్లియా, థాలమస్, పైనున్న కార్టెక్స్ కలిసి ఒక వలయంగా పనిచేస్తూ, ఏ కదలికను జరగనివ్వాలో, దేనిని ఆపాలో ఎంచుతుంటాయి. ఆ వడపోత సడలినప్పుడు అక్కరలేని కదలికల ముక్కలు జారి బయటకు వస్తాయి. డీబీఎస్‌లో 1.27 మిల్లీమీటర్ల మందమున్న తీగలను పుర్రెలో చిన్న రంధ్రాల గుండా ఆ వలయంలోని ఒక స్థానానికి చేర్చి, చర్మం కింద నుంచి మెడ మీదుగా ఛాతీలోని బ్యాటరీకి కలిపి, సాధారణంగా సెకనుకు వందకు పైగా చిన్న విద్యుత్ స్పందనలు పంపుతారు. దానివల్ల వ్యాధి నయం కాదు, గాడి తప్పిన లయ ముందుకు పాకకుండా అడ్డుపడుతుందని మాత్రమే స్థూలంగా అనుకోవచ్చు.

పార్కిన్సన్స్‌కు ఏ స్థానంలో పెట్టాలో వైద్యులకు చాలావరకు ఏకాభిప్రాయం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ జబ్బుకు ఈ ఆపరేషన్ ఎన్నో ఏళ్లుగా జరుగుతోంది. టూరెట్‌కు అటువంటి ఏకాభిప్రాయం ఇంకా కుదరలేదు. కొందరు థాలమస్ నడిమి భాగంలో, కొందరు బేసల్ గ్యాంగ్లియాలోనిదే అయిన గ్లోబస్ పాలిడస్ లోపలి భాగంలో ముందువైపు, మరికొందరు అదే భాగంలో వెనుకవైపు పెడతారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ పరికరాలను 1997లో వణుకు తగ్గించడానికి, 2002లో పార్కిన్సన్స్‌కు, 2003లో డిస్టోనియాకు (కండరాలు బిగుసుకుని మెలితిరిగే జబ్బు), 2009లో తీవ్రమైన ఓసీడీకి (అవే ఆలోచనలు, అవే పనులు వద్దన్నా మళ్లీమళ్లీ వచ్చే జబ్బు) వేర్వేరు షరతులతో అనుమతించింది గానీ, టూరెట్‌కు నేటికీ విడిగా అనుమతి ఇవ్వలేదు. అంటే మీకు చెప్పినది అనుమతి పరిధికి బయట చేసే వాడకం. అది తప్పు కాదు, వైద్యంలో ఉన్నదే. అయితే ఆ మాట మీకు చెప్పారా?

తార్నాక_తాత రాశారు:

ఈ చర్చ చూస్తే నాకు గుండె దడగా ఉంది. మెదడులో కత్తి పెట్టి మనసు బాగుచేస్తామన్న వాళ్లను ప్రపంచం ఇదివరకే చూసింది. 1935లో పోర్చుగల్‌లో ఈగాస్ మోనిజ్ మెదడు ముందుభాగపు తంతువులను తెంచే పద్ధతి మొదలుపెడితే 1949లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ తర్వాత ఎంతమంది మనుషులు మొద్దుబారిపోయారో చరిత్రలో ఉంది. నాన్నగారూ, కొడుకు మెడ తిప్పుతాడు, అరుస్తాడు, అంతేగా? లోకం అలవాటుపడాలి గానీ వాడి తలకు రంధ్రం పెట్టడమేమిటి?

మున్నేటి_ఒడ్డు రాశారు:

తాతగారూ, మీ భయం నాకూ ఉంది. అయితే "అంతేగా" అన్న మాట మాత్రం మా ఇంట్లో నిలవదు. వాడు పడుకునే ముందు మెడకు తువ్వాలు బిగించి కట్టుకుంటాడు. రెండుసార్లు తల గోడకు తగిలి కుట్లు పడ్డాయి. ఇప్పుడు ఎడమచేతి వేళ్లు తిమ్మిరి ఎక్కుతున్నాయంటున్నాడు.

నాడీవైద్యం_విశాఖ రాశారు:

చేతి వేళ్ల తిమ్మిరి అన్నారు చూడండి, ఈ దారంలో ఇప్పటిదాకా రాసినవాటిలో అత్యవసరమైన వాక్యం అదే. మెడను కొరడాలా విసిరే టిక్స్ ఏళ్ల తరబడి సాగితే మెడ వెన్నుపూసల మధ్య డిస్కులు దెబ్బతిని వెన్నుపాము నలిగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. డీబీఎస్ సంగతి తర్వాత, ఈ వారంలోనే మెడకు ఎమ్మారై తీయించండి. నడకలో తూలు, మూత్రం ఆపుకోలేకపోవడం, చేతిలో పట్టు తగ్గడం ఉంటే ఈ వారం దాకా కూడా ఆగవద్దు.

పాతపుస్తకాల_గది రాశారు:

తార్నాక తాతగారు తెచ్చిన పోలికలో కొంత నిజం, కొంత అన్యాయం ఉన్నాయి. పారిస్‌లో నాడీవైద్యుడు షార్కో శిష్యుడు జిల్ ద లా టూరెట్ 1885లో తొమ్మిది మంది రోగులను వర్ణించిన తర్వాత, ఈ జబ్బును చాలాకాలం పెంపకం లోపంగానో మనసులో అణచిపెట్టిన కోరికల ఫలితంగానో చూశారు. 1970లో జర్మనీలో హాస్లర్, డీక్‌మాన్‌లు ముగ్గురు రోగులలో థాలమస్‌లోని చిన్న భాగాలను మాడ్చివేసి టిక్స్ తగ్గినట్టు రాశారు. మాడ్చినది తిరిగి రాదు కాబట్టి అక్కడ తాతగారి భయం పూర్తిగా సబబు.

1987లో గ్రెనోబుల్‌లో ఆలిమ్ లూయీ బెనబీద్ బృందం, మాడ్చకుండానే అధిక పౌనఃపున్యపు విద్యుత్తుతో వణుకును ఆపవచ్చునని చూపించాక దారి మారింది. 1999లో వేర్లే విస్సర్-వాండెవాల్ బృందం ఒక టూరెట్ రోగికి మొదటిసారి ఈ పద్ధతి వాడిన సంగతి లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. వారు ఎంచుకున్న చోటు దాదాపుగా హాస్లర్ మాడ్చిన చోటే! పాత వైద్యుని చూపు సరైనది, చేతిలోని పనిముట్టు మొరటుది. ఇప్పటి పనిముట్టును ఆపివేయవచ్చు, తగ్గించవచ్చు, అక్కరలేదనుకుంటే తీసివేయవచ్చు. అయితే తీగ దిగిన దారిలో రక్తస్రావం అయితే దాన్ని వెనక్కి తిప్పలేం కనుక, దీన్ని "పూర్తిగా వెనక్కి తిప్పగల చికిత్స" అని కరపత్రాల్లో రాయడం నాకు నచ్చదు.

లెక్కల_మాస్టారు రాశారు:

నూటికి తొంభై అన్న అంకె దగ్గర నేను ఆగిపోయాను. తొంభై మందికి ఎంత తగ్గుతుందట? కాస్త తగ్గినా తగ్గినట్టే, పూర్తిగా పోయినా తగ్గినట్టే. ఆ తేడా చెప్పని శాతం వ్యాపారానికి పనికొస్తుంది, నిర్ణయానికి పనికిరాదు.

టిక్స్ తీవ్రతను యేల్ కొలమానంతో కొలుస్తారు. కదలికలకు 25, శబ్దాలకు 25, జీవితానికి కలిగే ఆటంకానికి 50, మొత్తం 100 మార్కులు, ఎక్కువ వస్తే జబ్బు ఎక్కువన్నట్టు. టూరెట్‌కు డీబీఎస్ చేయించుకున్నవారి గురించి 2018లో వెలువడిన అంతర్జాతీయ నమోదు పట్టికలో 10 దేశాల్లోని 31 కేంద్రాలకు చెందిన 185 మంది వివరాలున్నాయి. ఆపరేషన్‌కు ముందు సగటు మార్కులు సుమారు 75, ఏడాది తర్వాత సుమారు 41. అంటే 45 శాతం తగ్గుదల. నిజంగా గొప్ప విషయమే, కానీ 41 అంటే టిక్స్ ఇంకా ఉన్నాయనే అర్థం. అదే పట్టికలో మూడో వంతు మందికి పైగా ఏదో ఒక దుష్ఫలితం నమోదైంది. మాట ముద్దగా రావడం, ఒంట్లో చీమలు పాకినట్టుండటం వంటివి ఎక్కువ, ఇవి చాలావరకు కరెంటు తగ్గిస్తే సర్దుకుంటాయి. మెదడులో రక్తస్రావం 1.3 శాతం, ఇన్ఫెక్షన్ సుమారు 3 శాతం.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ పట్టికలోని వారందరికీ కరెంటు నడుస్తోందని తెలుసు. టిక్స్ సహజంగానే కొన్ని నెలలు పెరిగి కొన్ని నెలలు తగ్గుతుంటాయి, పరమ ఘోరంగా ఉన్నప్పుడే మనిషి ఆపరేషన్‌కు ఒప్పుకుంటాడు కాబట్టి ఆ తర్వాత ఏం చేయకపోయినా కొంత తగ్గేదే. అందుకే కరెంటు ఉందో లేదో రోగికీ, కొలిచేవారికీ తెలియకుండా చేసిన పరీక్షలు చూడాలి. 2015లో లండన్ బృందం గ్లోబస్ పాలిడస్‌పై చేసిన పరీక్షలో 13 మంది అలా తెలియకుండా చూసే దశను పూర్తిచేశారు. కరెంటు ఉన్నప్పటికీ లేనప్పటికీ తేడా 15 శాతమే వచ్చింది. తర్వాత అందరికీ తెలిసేలా నడిపినప్పుడు తగ్గుదల 40 శాతానికి చేరింది. 2017లో ఫ్రాన్స్‌లో 16 మందిని రెండు వర్గాలుగా చేసి మూడు నెలలు చూస్తే వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. 2011లో డచ్ బృందం థాలమస్‌పై చేసిన పరీక్షలో మాత్రం 37 శాతం తేడా వచ్చింది, కానీ అక్కడున్నది ఆరుగురే!

మూడు నెలలు చాలవు, సరైన మోతాదు దొరకడానికే అంతకన్నా ఎక్కువ పడుతుందని వైద్యులు జవాబిస్తారు. ఆ జవాబులో బలముంది. నేను ఈ చికిత్సకు వ్యతిరేకిని కాను, తొంభై అన్న అంకెకు వ్యతిరేకిని.

డల్లాస్_సాయంకాలం రాశారు:

ఇన్నాళ్లూ ఈ వేదికలో చదువుతూ ఉండిపోయాను, ఈ దారం చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మా సొంతూరు తెనాలి, పెళ్లై ఇక్కడికి వచ్చాను. 31 ఏళ్ల వయసులో థాలమస్‌లో రెండువైపులా ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్నాను. అనుమతి లేని వాడకం కనుక బీమా సంస్థ మొదట రెండుసార్లు తిరస్కరించింది, మూడో విన్నపానికి ఒప్పుకుంది.

ఆపరేషన్ అంటే అందరూ ఆ ఒక్కరోజు గురించే అడుగుతారు. నాకు ఆ రోజు కన్నా తర్వాతి పద్నాలుగు నెలలు కష్టం. మొదటిసారి కరెంటు పెట్టినప్పుడు టిక్స్ ఆగలేదు, నోరు మాత్రం మొద్దుబారింది. మోతాదు ఒకటి మారుస్తారు, రెండు వారాలు చూడమంటారు, మళ్లీ మారుస్తారు. మూడో నెలలో ఒకరోజు సాయంత్రం కాఫీ చేతిలో పట్టుకుని కూర్చున్నాను, కప్పు ఖాళీ అయ్యేదాకా ఒక్కసారి కూడా మెడ తిరగలేదని మా ఆయన చెబితే గానీ నాకు తెలియలేదు. మర్నాడు మళ్లీ వచ్చాయి. అలా వస్తూ పోతూ, ఏడాది దాటాక సగానికి పైగా తగ్గి అక్కడ నిలిచాయి. మెడ టిక్ బాగా తగ్గింది, గొంతు శబ్దాలు అంతగా తగ్గలేదు. టిక్‌కు ముందు లోపల కలిగే ఆ దురదలాంటి ఒత్తిడి మాత్రం ఇప్పటికీ ఉంది, కాకపోతే దాని మాట వినకుండా ఊరుకోగలుగుతున్నాను.

ఒక హెచ్చరిక. నాకు కొంత ఓసీడీ కూడా ఉంది, కుట్ల దగ్గర మాటిమాటికీ తాకాలనిపించేది. టూరెట్ ఉన్నవారు గాయాన్ని తడుముతూ ఉండటం వల్ల ఇన్ఫెక్షన్లు మిగతా జబ్బులవారి కన్నా ఎక్కువగా వచ్చాయని ఇటలీలో మిలాన్ బృందం గమనించిందని మా సర్జన్ ముందే చెప్పారు. ఆ ఆరు వారాలూ మా అత్తగారు నా చేతులకు ఊలు, కుట్టుపని ఏదో ఒకటి ఇస్తూనే ఉన్నారు.

మున్నేటి_ఒడ్డు రాశారు:

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను. పరికరం పెట్టాక మోతాదు సరిచేయడానికి ఏడాది పడుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ అయిన నాలుగో రోజున ఇంటికి పంపిస్తామని మాత్రమే చెప్పారు. ఇంకొక ప్రశ్న: మందులు కాకుండా శిక్షణతో తగ్గించే పద్ధతి ఒకటి ఉందని ఎక్కడో చదివాను. అది మా వాడికి ఎవరూ ప్రయత్నించలేదు.

అలవాటు_పాఠం రాశారు:

నేను క్లినికల్ సైకాలజిస్టును. మీ ఆఖరి వాక్యం చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. డీబీఎస్ దాకా వెళ్లేముందు ప్రవర్తనా చికిత్స సక్రమంగా జరిగి ఉండాలని ఈ రంగంలోని మార్గదర్శకాలు చెబుతాయి. దీని మూలం 1973లో ఆజ్రిన్, నన్ రూపొందించిన అలవాటు మార్పిడి పద్ధతి. టిక్‌కు ముందు వచ్చే ఆ లోపలి ఒత్తిడిని మొదట గుర్తించడం, అది రాగానే టిక్‌తో కలిసి జరగలేని మరొక కదలికను చేసి ఒత్తిడి చల్లారేదాకా నిలపడం ఇందులో ముఖ్యం. మెడ వెనక్కి విసిరేవారికి గడ్డాన్ని మెల్లగా కిందికి దించి మెడ కండరాలను సున్నితంగా బిగబట్టడం నేర్పుతాం.

పెద్దవారికి పనిచేయదన్న అపోహ ఉంది. 2012లో 16 నుంచి 69 ఏళ్ల వయసున్న 122 మందితో జరిగిన పరీక్షలో ఈ శిక్షణ పొందినవారిలో 38 శాతం మంది మెరుగుపడగా, ఊరడింపు మాటలతో సరిపెట్టిన వర్గంలో 6 శాతమే మెరుగుపడ్డారు. అందరికీ పనిచేయదు, మీ అబ్బాయి అంత తీవ్రతలో ఒత్తిడిని ఆపడమే కష్టం కావచ్చు. అయినా ప్రయత్నించకుండా దాటవేయడం సరికాదు. తెలుగు రాష్ట్రాల్లో దీన్ని శాస్త్రీయంగా నేర్పేవారు తక్కువే, వీడియో ద్వారా చేసినా ఫలితం ఉంటుంది.

నాడీవైద్యం_విశాఖ రాశారు:

దీనికి ఒక మాట చేరుస్తాను. ఒకే కండరాల గుంపు పీడిస్తున్నప్పుడు ఆ మెడ కండరాలలోకి వాటిని కొంతకాలం సడలించే బోటులినమ్ ఇంజెక్షన్ ఇవ్వడం కూడా ఉంది. మూడు నెలలకోసారి చేయించుకోవాలి, ఖర్చు తక్కువేమీ కాదు, కానీ తలకు రంధ్రం అక్కరలేదు. వెన్నుపామును కాపాడే తాత్కాలిక కవచంగానైనా అడగండి. అలాగే ఇవి టూరెట్ టిక్సేనా, పెద్దయ్యాక చేరిన ఫంక్షనల్ కదలికలు, అంటే టిక్స్‌లా కనిపించినా వేరే తీరులో పుట్టే మరో రకపు కదలికలు, కూడా ఉన్నాయా అన్నది అనుభవజ్ఞులు తేల్చాలి. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు, రెండో రకానికి డీబీఎస్ పనికిరాదు.

వకీలు_కాకినాడ రాశారు:

నాది చట్టం వైపు నుంచి చిన్న చేర్పు. మానసిక వ్యాధికి చికిత్సగా మెదడుకు శస్త్రచికిత్స చేయాలంటే రోగి స్వయంగా, అన్నీ తెలుసుకుని ఇచ్చిన సమ్మతితో పాటు సంబంధిత మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి కూడా ఉండాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 96వ సెక్షన్ చెబుతోంది. టూరెట్‌ను నాడీసంబంధ వ్యాధిగానే పరిగణిస్తే ఆ సెక్షన్ వర్తించదని వాదించవచ్చు. కానీ అదే ఆపరేషన్‌ను ఓసీడీ పేరు మీద కూడా చేస్తుంటే ఆ వాదన పలచబడుతుంది. ఆసుపత్రి ఏ జబ్బు పేరు రాస్తోందో కాగితం మీద చూడండి.

అన్నిటికన్నా ముందు ఒకటి గమనించండి. ఈ దారంలో పదిహేను రోజులుగా మనమందరం "అబ్బాయి" అంటున్నాం. ఆయనకు 24 ఏళ్లు. సంతకం ఆయనది.

మున్నేటి_ఒడ్డు రాశారు:

ఎమ్మారై అయింది. మెడలో రెండు చోట్ల డిస్కులు జారాయి, ఒకచోట వెన్నుపాము మీద ఒత్తిడి ఉంది కానీ లోపల దెబ్బ కనబడలేదన్నారు. బోటులినమ్ ఇంజెక్షన్‌కు వచ్చే సోమవారం రమ్మన్నారు. శిక్షణ మొదటి తరగతి వీడియోలో జరిగింది. డీబీఎస్ గురించి నిర్ణయం నెలాఖరుకు చెప్పలేమని ఆసుపత్రికి రాసి పంపాను. వకీలు గారి మాట చదివాక ఫోను మా వాడి చేతికిచ్చాను. కింద వాడే రాస్తాడు.

మున్నేటి_ఒడ్డు రాశారు:

అందరికీ నమస్కారం. నేను ఆయన కొడుకును. నాన్న రాసినదాంట్లో తువ్వాలు సంగతి రాయకుండా ఉంటే బాగుండేది, సరే.

నేను సెల్‌ఫోన్ రిపేరు షాపులో పనిచేస్తాను. మదర్‌బోర్డు మీద చిన్న భాగాలను మైక్రోస్కోపు కింద అతికించేది నేనే. కళ్లు అందులో పెట్టి చేతిలో సోల్డరింగ్ పట్టుకుంటే పది, పన్నెండు నిమిషాలు టిక్ రాదు. తల ఎత్తగానే అప్పటిదాకా ఆగినవన్నీ వడ్డీతో సహా వస్తాయి. ఆ పది నిమిషాలు నాకున్న మంచి సమయం. డల్లాస్ అక్కా, మిమ్మల్ని రెండు అడగాలి. కరెంటు పెట్టాక వేళ్ల పట్టులో, సున్నితంగా చేసే పనిలో తేడా వస్తుందా? రెండోది, ఛాతీలో బ్యాటరీ ఉంటే నా పనిబల్ల మీది స్పీకర్ అయస్కాంతాలు, వైర్‌లెస్ ఛార్జర్లు, సోల్డరింగ్ స్టేషన్ దగ్గర కూర్చోవచ్చా? ఈ పని వదలాల్సి వస్తే నాకు ఆపరేషన్ వద్దు.

డల్లాస్_సాయంకాలం రాశారు:

తమ్ముడూ, నాకు చేతి పనిలో తేడా రాలేదు, ఊలు అల్లిక ఇప్పటికీ చేస్తాను. మోతాదు ఎక్కువ పెట్టిన రెండు వారాలు మాత్రం ఎడమచేతి వేళ్లలో జుమ్మని ఉండేది, తగ్గించాక పోయింది. నువ్వు ఈ దారిలో వెళ్లేటట్టయితే మోతాదు మార్చే ప్రతిసారీ నీ మైక్రోస్కోపు, ఒక పాత బోర్డు వెంట తీసుకెళ్లి వాళ్ల ఎదుటే పని చేసి చూపించు. వాళ్లు నడకా, మాటా చూస్తారు గానీ సోల్డరింగ్ చూడాలని వాళ్లకు తోచదు.

అయస్కాంతాల సంగతి: ఫోనునూ, అయస్కాంతమున్న ఛార్జర్‌నూ ఒంట్లో అమర్చిన పరికరాలకు 15 సెంటీమీటర్లకు పైగా, వైర్‌లెస్ ఛార్జింగ్ నడుస్తుంటే 30 సెంటీమీటర్లకు పైగా దూరంలో ఉంచమని యాపిల్ సంస్థే చెబుతుంది. బల్ల మీద ఆ దూరం కష్టం కాదు, చొక్కా జేబులో ఫోను పెట్టుకునే అలవాటు మాత్రం మానుకోవాలి. ఆర్క్ వెల్డింగ్ దగ్గర ఉండవద్దని నాకు ఇచ్చిన పుస్తకంలో ఉంది. నీ సోల్డరింగ్ స్టేషన్ మోడల్ నంబరు రాసి, అది వాడవచ్చో లేదో పరికరం తయారుచేసే కంపెనీ ఇంజినీరు చేత రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. ఆపరేషన్ తర్వాత కాదు, ముందే.

సోమవారం ఇంజెక్షన్ ఎలా జరిగిందో ఇక్కడ రాయి. నాన్నగారి ఖాతాలోంచి కాకుండా నీ పేరున ఒక ఖాతా తెరువు.